ఎండ లెక్క

మే నెల. మధ్యాహ్నం ఒంటిగంట. హైదరాబాద్‌లో మాదాపూర్ దగ్గర ఒక పెద్ద బిల్డింగు లేస్తోంది. పాలమూరు నుంచి పనికి వచ్చిన ఆడవాళ్ళు తట్టలు దించారు. కింది అంతస్తులో నీడకు కూర్చుని సద్దులు విప్పారు.

వాళ్ళలో ఒకామె రొట్టెలను పేపర్లో చుట్టి తెచ్చుకుంది. ఆమె ఈ మధ్యనే రాత్రిబడిలో చదవడం నేర్చుకుంది. ఎక్కడ అక్షరం కనబడినా కూడబలుక్కొని చదువుతుంది. పేపరు మూలన ఒక చిన్న గడి ఉంది. దాన్ని చదివింది.

"హైదరాబాద్. గరిష్ఠం 41. కనిష్ఠం 27."

"అంటే ఏంది బిడ్డా?" అని అడిగింది పక్కనున్న పెద్దమ్మ.

"ఎండ లెక్క అనుకుంట పెద్దమ్మా."

మేస్త్రీ నవ్వాడు. "ఎండ ఎంతుందో పేపర్ల సూడాల్నా? నెత్తి మీదనే ఉంది గద!" అన్నాడు.

అందరూ నవ్వారు. మేస్త్రీ మాట నిజమే. ఎండ ఉందని తెలియడానికి చదువు అక్కరలేదు. కానీ ఎండ ఎంత ఉంది? ఏ వేళకు పెరుగుతుంది? ఎప్పుడు పని ఆపాలి? ఇవి తెలియాలంటే ఆ రెండు అంకెలు కావాలి. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా ఎండదెబ్బకు చనిపోయారు. అందులో కూలి పనివాళ్ళు, ముసలివాళ్ళు ఎక్కువ. అందుకే ఎండ లెక్క తెలుసుకోవడం ప్రాణాలకు సంబంధించిన విషయం.

రెండు మాటలు, రెండు అంకెలు

బియ్యాన్ని కిలోల్లో కొలుస్తారు. పాలను లీటర్లలో కొలుస్తారు. బట్టను మీటర్లలో కొలుస్తారు. అలాగే వేడిని డిగ్రీల్లో కొలుస్తారు. వేడి కొలతకు పుస్తకాల్లో ఉష్ణోగ్రత అని పేరు.

మంచుగడ్డ కరిగే చోట 0 డిగ్రీలు. నీళ్ళు తెర్లే చోట సుమారు 100 డిగ్రీలు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంటి వేడి సుమారు 37 డిగ్రీలు. జ్వరం చూసే పుల్ల మీద ఇంకో రకం లెక్క కూడా ఉంటుంది. ఆ లెక్కలో 98.6 అంటే ఈ లెక్కలో 37. రెండూ ఒకటే. కిలోకు, శేరుకు తేడా ఉన్నట్టే ఇదీను.

గరిష్ఠం అంటే అన్నిటికన్నా ఎక్కువ. కనిష్ఠం అంటే అన్నిటికన్నా తక్కువ. గరిష్ఠం 41 అంటే, ఆ రోజు మొత్తంలో గాలి వేడి 41 డిగ్రీల దాకా పోయింది. కనిష్ఠం 27 అంటే, రాత్రంతా చల్లబడినా 27 కంటే కిందికి దిగలేదు.

సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండు గంటలకు. కానీ గాలి బాగా వేడెక్కేది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు గంటల మధ్య. ఎందుకలా? ఎండ ముందు నేలను కాలుస్తుంది. కాలిన నేల గాలిని వేడి చేస్తుంది. పొయ్యి మీద పెనం పెట్టగానే రొట్టె కాలదు కదా! పెనం కాలాలి, ఆ తర్వాత రొట్టె కాలాలి. ఇదీ అంతే. అలాగే అన్నిటికన్నా చల్లని వేళ నడిరాత్రి కాదు. తెల్లవారుజామున, పొద్దు పొడిచే ముందు. రాత్రంతా నేల చల్లబడుతూ ఉంటుంది కనుక.

నీడలో కొలిచిన కొలత

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. పేపర్లో వేసే అంకె ఎండలో కొలిచింది కాదు.

హైదరాబాద్‌లో బేగంపేటలో వాతావరణ శాఖ ఆఫీసు ఉంది. వేడి కొలిచే పరికరాలను తెల్లరంగు వేసిన చెక్క పెట్టెలో పెడతారు. ఆ పెట్టె నేలకు సుమారు నాలుగు అడుగుల ఎత్తున ఉంటుంది. దాని పక్కలకు సందులు ఉంటాయి. గాలి లోపలికి పోతుంది. ఎండ మాత్రం పోదు. అంటే ఆ 41 డిగ్రీలు నీడలో ఉన్న గాలి వేడి.

మరి ఎండలో స్లాబు మీద ఇనుప చువ్వలు కట్టేవాళ్ళకు? తారు రోడ్డు వేసేవాళ్ళకు? వాళ్ళకు పైనుంచి ఎండ తగులుతుంది. కింది నుంచి కాలిన నేల సెగ తగులుతుంది. పట్టుకున్న ఇనుము కాలుతుంది. వాళ్ళ ఒంటికి తగిలే వేడి పేపర్లో అంకె కన్నా చాలా ఎక్కువ. "పేపర్ల 41 అనే ఉంది గద, ఏం కాదు" అనుకుంటే పొరపాటే.

నీడ మాయమయ్యే రోజులు

హైదరాబాద్‌లో ఏడాదికి రెండు రోజులు ఒక వింత జరుగుతుంది. మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు, నిలబెట్టిన కర్రకు నీడ పక్కకు పడదు. నీడ కర్ర మొదట్లోనే ఉండిపోతుంది. ఒకటి మే నెల రెండో వారంలో వస్తుంది. రెండోది ఆగస్టు మొదటి వారంలో వస్తుంది. ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు.

సంక్రాంతి నాటికి సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. ఎండ ఏటవాలుగా పడుతుంది. పగలు చిన్నది. అందుకే చలి. ఆ తర్వాత సూర్యుడు రోజురోజుకూ ఉత్తరానికి జరుగుతాడు. మే నెలకు మన నెత్తి మీదికి వస్తాడు. ఎండ నిలువుగా పడుతుంది. పగలు పెద్దదవుతుంది. అందుకే మే నెలలో మంట. "రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయి" అని పెద్దలు ఊరికే అనలేదు. రోహిణి కార్తె మే నెల చివరిలోనే వస్తుంది.

మరి ఆగస్టులోనూ సూర్యుడు నడినెత్తికి వస్తాడు కదా! అప్పుడెందుకు అంత కాలదు? అప్పటికి మబ్బులు కమ్ముకుంటాయి. నేల తడిగా ఉంటుంది. మబ్బు గొడుగులా ఎండను అడ్డుకుంటుంది. కొంత ఎండ నేల మీది తడిని ఆర్పడానికే ఖర్చయిపోతుంది. ఎండ ఒక్కటే వాతావరణం కాదు. గాలి, మబ్బు, తడి అన్నీ కలిస్తేనే వాతావరణం.

హైదరాబాద్‌కు ఇంకో అదృష్టం ఉంది. ఈ నగరం దక్కన్ పీఠభూమి మీద ఉంది. సముద్రం కంటే సుమారు 540 మీటర్లు ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లు పైకి ఎక్కితే గాలి సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది. ఆ లెక్కన ఎత్తు వల్లనే హైదరాబాద్‌కు సుమారు 3 డిగ్రీలు మేలు జరుగుతోంది.

ఏడాది పొడుగునా

హైదరాబాద్‌లో ఏడాది ఇలా తిరుగుతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలికాలం. డిసెంబరు, జనవరి నెలల్లో పగలు సుమారు 28, 29 డిగ్రీలు ఉంటుంది. రాత్రి సుమారు 15 డిగ్రీలు. ఆకాశం నిర్మలంగా ఉంటుంది. కప్పుకోవడానికి మబ్బు అనే దుప్పటి లేదు కనుక రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది. 1946 జనవరి 8న 6.1 డిగ్రీలకు పడిపోయింది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత. అది దాదాపు నిజమే. ఫిబ్రవరి దాటాక పగలు 32 డిగ్రీలు దాటుతుంది.

మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా ఎండాకాలం. ఏప్రిల్‌లో పగలు సుమారు 38 డిగ్రీలు. మే నెలలో సుమారు 39. ఇది సగటు లెక్క మాత్రమే. కొన్ని రోజులు 42, 43 కూడా దాటుతుంది. 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. మే నెల రాత్రులు కూడా సుమారు 26 డిగ్రీల దగ్గరే ఉంటాయి.

జూన్ రెండో వారంలో నైరుతి నుంచి గాలి మళ్ళుతుంది. మృగశిర కార్తె వస్తుంది. ఇళ్ళలో చేపల కూర వండుకుంటారు. సముద్రం మీది తడిగాలి మబ్బులను మోసుకొస్తుంది. జులై, ఆగస్టు నెలల్లో పగలు 30, 31 డిగ్రీలకు దిగుతుంది. రాత్రి 22, 23 దగ్గర ఉంటుంది. బోనాలు, బతుకమ్మ ఈ కాలంలో వచ్చిపోతాయి. అక్టోబరు నెల మధ్యకల్లా ఈ గాలులు వెనక్కి పోతాయి. మళ్ళీ చలి మొదలు.

అంటే ఏడాదిలో ఎక్కువ నెలలు హైదరాబాద్ వాతావరణం మనిషికి అనుకూలమే. ప్రాణం మీదికి తెచ్చేవి ముఖ్యంగా ఏప్రిల్, మే, జూన్ మొదటి రోజులు. జాగ్రత్త అంతా ఆ రోజుల్లోనే పడాలి.

ఒకటే నగరం, ఒకటే వేడి కాదు

ఇప్పుడు హైటెక్ సిటీ అంటున్న చోట ఒకప్పుడు పెద్ద పెద్ద బండరాళ్ళు, గుట్టలు, పొదలు ఉండేవి. ఆ రాళ్ళు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి. పక్కనే దుర్గం చెరువు ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీళ్ళు ఈ చెరువు నుంచే పోయేవి. 1998 నవంబరు 22న ఇక్కడ సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పటి ప్రధానమంత్రి వాజపేయి వచ్చి ప్రారంభించారు. ఆ తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు వరసగా లేచాయి. వేలమందికి కొలువులు దొరికాయి. కట్టేవాళ్ళకు కూలి దొరికింది. ఊడ్చేవాళ్ళకు, వండేవాళ్ళకు పని దొరికింది.

దాంతో పాటు వేడి కూడా మారింది. చెట్టు ఆకులు నీటిని ఆవిరి చేస్తాయి. దాంతో చుట్టూ చల్లబడుతుంది. చెరువు కూడా అంతే. సిమెంటు, తారు, అద్దాలు అలా చేయవు. సిమెంటు, తారు పగలంతా ఎండను తాగి దాచుకుంటాయి. పొద్దు గూకాక ఆ వేడిని బయటికి వదులుతాయి. రాత్రి ఎనిమిదింటికి గోడకు వీపు ఆనిస్తే వేడి తగిలేది అందుకే. ఏసీ మిషన్ గదిలోని వేడిని తీసి వీధిలోకి ఊదుతుంది. లోపల చల్లన, బయట సెగ. లోపల కూర్చునేవాళ్ళు వేరు. బయట నడిచేవాళ్ళు వేరు.

ఈ తేడా కొలతలోనూ కనబడుతుంది. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చెట్లు, బండలు, చెరువులు ఇంకా ఉన్నాయి. చలికాలంలో నగరం మొత్తంలో అన్నిటికన్నా తక్కువ ఉష్ణోగ్రత చాలాసార్లు ఆ ప్రాంతంలోనే నమోదవుతుంది. అక్కడికి నాలుగు మైళ్ళ దూరంలో మేడల మధ్య అంత చలి ఉండదు. అదే ఆకాశం, అదే గాలి. నేల మీద ఉన్నదే వేరు. ఆ విశ్వవిద్యాలయం పక్కనే కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల నేల ఉంది. అక్కడ చెట్లు కొడుతుంటే విద్యార్థులు, జనం వద్దన్నారు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ నరుకుడును ఆపమంది.

ఇక కూలీలు ఉండే రేకుల షెడ్ల సంగతి చెప్పనక్కరలేదు. రేకు తొందరగా కాలుతుంది. ఆ వేడి నేరుగా నెత్తి మీద దిగుతుంది. పగలు ఎండలో పనిచేసిన ఒళ్ళు రాత్రి చల్లబడాలి. షెడ్డులో చల్లబడకపోతే మర్నాడు అదే వేడితో మళ్ళీ పనికి పోవాలి. అందుకే పేపర్లో కనిష్ఠం అంకె కూడా చూడాలి. రాత్రులు కూడా చల్లబడని రోజులు వరసగా వస్తే ప్రమాదం పెరుగుతుంది.

దీనికి తక్కువ ఖర్చుతో ఒక ఉపాయం ఉంది. తెల్లరంగు ఎండను వెనక్కి కొడుతుంది. కప్పు మీద తెల్ల సున్నం రెండు మూడు పూతలు వేస్తే లోపల వేడి తగ్గుతుంది. రేకుల మీద తాటాకులో, గడ్డో పరిచినా, తడిపిన గోనెసంచులు వేసినా కొంత మేలు. ఇది పనికిరాని చిట్కా కాదు. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది.

వాన లెక్క

హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. అంటే ఏడాది వాన అంతా పారకుండా, ఇంకకుండా నేల మీదే నిలబడితే దాదాపు రెండు మూరల ఎత్తు ఉంటుంది. ఇందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది.

ఈ వాన మెల్లగా పడితే చెరువులు నిండుతాయి. ఒక్కసారే పడితే ఊరు మునుగుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. సుమారు 15 వేల మంది చనిపోయారని చెబుతారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా దవాఖానలో ఉంది. మళ్ళీ అలాంటి వరద రాకుండా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి.

2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. ఏడాదిలో పడే వానలో పావువంతుకు పైగా ఒక్క రోజులోనే పడిందన్నమాట. 2020 అక్టోబరులో బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లకు పైగా పడింది. చెరువులకు దారి మూసుకుపోయిన చోట, నాలాల మీద ఇళ్ళు లేచిన చోట నీళ్ళు బస్తీల్లోకి వచ్చాయి. చెరువు వేసవిలో చల్లదనం ఇస్తుంది. వానలో వరదను ఆపుతుంది. చెరువును పూడ్చితే రెండు విధాలా నష్టం.

ఒళ్ళు ఒక కుండ లాంటిది

ఎండాకాలంలో మట్టికుండలో నీళ్ళు చల్లగా ఉంటాయి. ఎందుకు? కుండకు కనబడని సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి నీళ్ళు చెమర్చుతాయి. ఆ చెమ్మ ఆరేటప్పుడు కుండలోని వేడిని తీసుకుపోతుంది.

మనిషి ఒళ్ళు కూడా అంతే. చెమట పడుతుంది. చెమట ఆరుతుంది. ఆరేటప్పుడు ఒంటి వేడిని తీసుకుపోతుంది. అలా ఒళ్ళు 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. కుండలో నీళ్ళు అయిపోతే చెమ్మ ఉండదు. కుండ వేడెక్కుతుంది. ఒంట్లో నీళ్ళు తగ్గినా అదే జరుగుతుంది.

ఇంకో సంగతి. గాలిలో తడి ఎక్కువ ఉంటే చెమట ఆరదు. అదే ఉక్కపోత. సముద్రం పక్క ఊళ్ళలో ఉక్కపోత ఎక్కువ. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది. అందుకే ఇక్కడ కూలర్ బాగా పనిచేస్తుంది. కానీ పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు. పట్టగానే ఆరిపోతుంది. ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో తెలియకుండానే పోతుంది. కనుక దాహం వేసేదాకా ఆగకూడదు. ఎండలో పనిచేసేవాళ్ళు ప్రతి పావుగంటకో, ఇరవై నిమిషాలకో కొన్ని నీళ్ళు తాగుతూ ఉండాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి, గంజి మంచివి. కల్లు, సారా దాహం తీర్చవు. ఉన్న నీటిని కూడా బయటికి పంపిస్తాయి. కొంగున ఉల్లిగడ్డ కట్టుకుంటే వడదెబ్బ తగలదని కొందరంటారు. ఉల్లిగడ్డ తినడం మంచిదే. నీళ్ళు చేసే పని మాత్రం ఉల్లిగడ్డ చేయదు.

ఊరి నుంచి కొత్తగా పనికి వచ్చినవాళ్ళు మొదటి రోజే పూర్తి పని చేయకూడదు. ఒళ్ళు ఎండకు అలవాటు పడడానికి వారం, పది రోజులు పడుతుంది.

వడదెబ్బను గుర్తుపట్టడం

మొదట తలనొప్పి వస్తుంది. కళ్ళు తిరుగుతాయి. వాంతి వచ్చినట్టు ఉంటుంది. పిక్కలు పట్టేస్తాయి. మూత్రం పసుపుపచ్చగా, తక్కువగా వస్తుంది. ఇది హెచ్చరిక. వెంటనే పని ఆపాలి. నీడకు పోవాలి. లీటరు మంచినీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి మెల్లగా తాగాలి. దవాఖానలో ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లం కలుపుకున్నా సరే.

ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే అది వడదెబ్బ. మనిషి పొంతన లేని మాటలు మాట్లాడుతుంది. తూలుతుంది. మూర్ఛ రావచ్చు. స్పృహ తప్పవచ్చు. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకోకూడదు. బరువు పని చేసేవాళ్ళకు చెమట పడుతుండగానే వడదెబ్బ తగలవచ్చు.

అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయరాదు. 108కి ఫోన్ చేయాలి. మనిషిని నీడలోకి మార్చాలి. బట్టలు వదులు చేయాలి. ఒళ్ళంతా నీళ్ళతో తడపాలి. మెడ మీద, చంకల్లో తడిబట్ట పెట్టాలి. విసరాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మగవాళ్ళు చుట్టూ ఉన్నారని, సిగ్గని తడపడం మానకూడదు. నాలుగు చీరలు అడ్డం పట్టుకుంటే సరిపోతుంది.

గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు, ముసలివాళ్ళు, బీపీ, షుగరు ఉన్నవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి.

నీళ్ళు తాగని కారణం

పనిచోట ఆడవాళ్ళలో చాలామంది నీళ్ళు తక్కువ తాగుతారు. నీళ్ళు లేక కాదు. తాగితే మూత్రానికి పోవాలి. పోవడానికి చోటు ఉండదు. అందుకని పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొంతు ఎండబెట్టుకుంటారు. ఎండాకాలంలో ఇది చాలా ప్రమాదం. వడదెబ్బకు ఇది దారి తీస్తుంది. మూత్రంలో మంట, మూత్రపిండాల జబ్బులు కూడా వస్తాయి.

నీళ్ళు, మరుగుదొడ్డి ఎవరో దయ తలచి ఇచ్చేవి కావు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది. పనిచోట తాగునీళ్ళు, మరుగుదొడ్లు ఏర్పాటు చేయాలని అందులో రాశారు. 2020లో పార్లమెంటు చేసిన కొత్త కార్మిక చట్టంలోనూ ఆ మాట ఉంది. ఆడవాళ్ళకు వేరుగా ఉండాలని కూడా ఉంది. ఒక్కరు అడిగితే "రేపటి నుంచి రాకు" అనవచ్చు. పదిమంది కలిసి అడిగితే అంత తేలికగా అనలేరు.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తిస్తూ 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. వడదెబ్బతో చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చే సాయాన్ని 4 లక్షల రూపాయలకు పెంచింది. అయితే చావుకు కారణం వడదెబ్బేనని అధికారులు తేల్చాలి. కనుక అలాంటి కష్టం వస్తే దవాఖానకు, తహసీల్దారు ఆఫీసుకు వెంటనే తెలపాలి. కాగితాలు జాగ్రత్తగా దాచుకోవాలి. కానీ ఎన్ని లక్షలిచ్చినా పోయిన మనిషి తిరిగిరాదు. ముందు జాగ్రత్తే మేలు.

రంగులు కూడా చదవాలి

వాతావరణ శాఖ హెచ్చరికలను రంగులతో చెబుతుంది. ఆకుపచ్చ అంటే భయం లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి. నారింజ రంగు అంటే సిద్ధంగా ఉండాలి. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడాలి. ఎండకూ, వానకూ ఇవే రంగులు.

హైదరాబాద్ లాంటి చోట 40 డిగ్రీలు దాటి, ఆ రోజుల్లో మామూలుగా ఉండేదాని కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాలి అంటారు. 45 డిగ్రీలకు చేరితే మామూలు లెక్కతో పని లేదు. అది వడగాలే. పేపరు, రేడియో, టీవీ, సెల్‌ఫోను అన్నిటిలోనూ ఈ సమాచారం వస్తుంది. డబ్బు అడగరు. చదవడం వస్తే చాలు.

మళ్ళీ ఆ నీడలో

సద్దులు తినడం అయిపోయింది. చేతులు కడుక్కున్నారు. రొట్టెలు చుట్టిన పేపరును ఆమె పారేయలేదు. మడిచి పక్కన పెట్టింది.

"మేస్త్రీ అన్నా, రేపటికి 42 అని రాసిన్రు. నారింజ రంగు ఏసిన్రు. పొద్దుగాల ఆరు గంటలకే పని మొదలుపెడతం. స్లాబు పని పదకొండుకు బంద్ జేద్దాం. ఎండ తగ్గినంక నాలుగు గంటలకు మళ్ళ ఎక్కుతం" అంది.

మేస్త్రీ వెంటనే ఏమీ అనలేదు. పేపరు అడిగి తీసుకున్నాడు. ఆ చిన్న గడి వైపు చూశాడు.

"సారుతోని మాట్లాడత" అన్నాడు.

"నీళ్ళ డ్రమ్ము పైకి కూడ ఒకటి పెట్టియ్యాలె. ఆడోళ్ళకు బాత్రూము సంగతి గూడ అడుగు కొడుకా" అంది పెద్దమ్మ.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆలోచించండి

1. ఈ రోజు పేపర్లో మీ ఊరి గరిష్ఠం ఎంత? కనిష్ఠం ఎంత? చదివి పలకమీద రాయండి.

2. మీ పనిచోట తాగునీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయి? ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉందా? లేకపోతే ఎవరిని అడగాలి? ఎంతమంది కలిసి అడగగలరు?

3. మీ ఇంటి కప్పు దేనిది? దాన్ని చల్లబరచడానికి ఏం చేయవచ్చు?

4. మీ ఊళ్ళో పూడిపోయిన చెరువు ఉందా? అది ఉన్నప్పుడు ఎండ, వాన ఎలా ఉండేవో పెద్దవాళ్ళను అడిగి తెలుసుకోండి.